పిన్ని ఫోన్‌ని రూట్ చేసిన దసరా

సెల్‌ఫోన్‌ని రూట్ చెయ్యడం అనేదొకటి ఉందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చినవారు మా బావగారు, అంటే మా వారి అన్నగారు. నందిగామలో ఆయనకి సెల్‌ఫోన్ల కొట్టు ఉండేది. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట మళ్ళీ మొన్న గురువారం నా చెవిన పడింది. పూజ ముగించుకుని హారతి కళ్ళకద్దుకుంటుంటే మా మరిది కోడలు పాత ఫోన్ ఒకటి పట్టుకొచ్చి, దీనికి కంపెనీవాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వడం మానేశారట, రూట్ చేసి బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఇంకొన్నాళ్ళు వస్తుందంటున్నారు, మీరొకప్పుడు ఈ పని చేసేవారటగా అత్తయ్యా, నాకూ నేర్పండి అని అడిగింది. తప్పకుండా నేర్పుతానన్నాను గానీ, ముందు ఒక సంగతి వినాలి, అది విన్నాకే ఫోన్ ముట్టుకుందాం అని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. ఆ పిల్లకి చెప్పిందే ఇప్పుడు మీకూ రాస్తున్నాను. మన ఈడువాళ్ళకి ఆ రోజుల ఫోన్లు గుర్తుండే ఉంటాయి. వెనక మూత గోటితో ఊడదీసి, బ్యాటరీ తీసి, కాస్త ఊది మళ్ళీ పెడితే సగం జబ్బులు నయమైపోయే ఫోన్లు.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్నగారు కొట్టు కట్టేసి వచ్చాక పలక మీద తెలుగు దిద్దించారు, లెక్కలు అమ్మ నేర్పింది, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కొట్లోని సబ్బు పెట్టెల మీదా నూనె డబ్బాల మీదా కూడబలుక్కుంటూ నేనే నేర్చుకున్నాను. పెళ్ళయి జగ్గయ్యపేట వచ్చాక, చాలా ఏళ్ళకి, మా వారి ఫ్యాన్సీ కొట్లో ఒక మూల రీఛార్జి బల్ల వేస్తే దాని వెనక నేను కూర్చునేదాన్ని. రీఛార్జికి వచ్చినవాళ్ళు ఫోన్ చేతిలో పెట్టి, ఇది ఆగి ఆగి నడుస్తోందమ్మా, ఫొటో తీద్దామంటే చోటు లేదంటోందమ్మా అని మొరపెట్టుకునేవారు. నాకు తెలియదని చెప్పి పంపడం మనసొప్పక, ఒక్కొక్కటే బావగారికి ఫోన్ చేసి అడుగుతూ నేర్చుకుంటూ పోయాను. ఆ బల్ల ఇచ్చిన భగవంతుడికీ, ఆడవాళ్ళకెందుకీ పని అని ఒక్కనాడూ అనని మా వారికీ ఇవాళ్టికీ మనసులో దణ్ణం పెట్టుకుంటూనే ఉంటాను.

రూట్ అంటే ఏమిటో బావగారు మొదటిసారి చెప్పినప్పుడు నాకు చక్కగా అర్థమైంది. కంపెనీవాడు మనకి ఇల్లు అమ్మాడు గానీ రెండు గదుల తాళాలు తన దగ్గరే ఉంచుకున్నాడు, ఆ గదుల్లో మనకి అక్కర్లేని సామాను పెట్టాడు, మనం తియ్యలేం, ఆ తాళాలు కూడా మన చేతికి తెచ్చుకోవడమే రూట్ అన్నారు. మొత్తం సాఫ్ట్‌వేరే మార్చెయ్యడమంటే ఆ ఇల్లు పునాది దాకా తీసి కొత్తగా కట్టుకోవడం. కట్టేటప్పుడు సామానంతా బయట పెట్టుకోవాలి, లేదంటే గోడలతో పాటు అదీ పోతుంది. ఆయన చెప్పినవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ఫోన్ పేరు చూసి మోసపోకూడదు, బ్యాటరీ కింద చీటీ మీదున్న మోడల్ నెంబరు అక్షరం తేడా లేకుండా కలవాలి, ఒక ఫోన్‌ది ఇంకో ఫోన్‌కి ఎక్కిస్తే అది మళ్ళీ కళ్ళు తెరవదు. ఛార్జింగు సగానికి పైన ఉండాలి. కేబుల్ గట్టిదై ఉండాలి, మధ్యలో కదలకూడదు. కంపెనీ గ్యారంటీ పోతుందని సొంతదారుకి ముందే చెప్పాలి. అన్నిటికంటే ముందు, ఫోన్‌లో ఉన్నవన్నీ కంప్యూటర్లోకి ఎత్తిపెట్టుకోవాలి. ఈ ఆఖరి మాట కింద ఆయన ఎర్ర సిరాతో గీత గీయించారు.

ఇక మా పిన్ని. మా అమ్మకి చెల్లెలు, కృష్ణ ఒడ్డున చెవిటికల్లులో ఉండేది. ఆ ఊళ్ళో ఆశా కార్యకర్తగా చేసేది. కడుపుతో ఉన్నవాళ్ళని కనిపెట్టుకుని ఉండటం, మందులు అందించడం, నొప్పులొస్తే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఆమె పని. పిన్నికి రాత నెమ్మది. అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్తగా ఎవరైనా కడుపుతో ఉన్నారని తెలిస్తే వాళ్ళింటికెళ్ళి, ఫోన్‌లో రికార్డు నొక్కి వాళ్ళ నోటి ముందు పెట్టేది. పేరు, ఎన్నో నెల, ఇంట్లో ఎవరి ఫోన్ నెంబరు, ఇంటికి ఎలా రావాలి, అన్నీ ఆ పిల్లలే సిగ్గుపడుతూ చెప్పేవారు. మధ్యలో కోడి అరుపు, అత్తగారి దగ్గు కూడా వినపడేవి. రిజిస్టరులో పేర్లుండేవి నిజమే, కానీ దారీ నెంబరూ ఆ గొంతుల్లోనే ఉండేవి. పనులకి వలస వచ్చి పొలాల్లో మోటారు షెడ్లలో ఉండేవాళ్ళకైతే రిజిస్టరులో పేరు కూడా ఉండేది కాదు.

ఆ ఏడు దసరాకి పిన్ని మా ఇంటికి వచ్చింది. ఫోన్ నిండిపోయి కొత్త రికార్డులు పట్టడం లేదని, కంపెనీవాడు పెట్టిన పనికిరానివన్నీ తీసేసి చోటు చేసిపెట్టమని అడిగింది. నిజం చెప్పాలంటే దానికి రూట్ అక్కర్లేదు. ఆ రికార్డులు ఫోన్‌లో పెట్టుకునే మెమరీ కార్డులోకి మారిస్తే సరిపోయేది. కొత్తగా పని మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పే మొదటి మాట ఇదే, అసలు అవసరమా అని ముందు అడుక్కోండి. నాకప్పుడు ఆ ఆలోచన రాలేదు. అప్పటికి ఆరేడు ఫోన్లు చేసి ఉన్నాను, అన్నీ బాగానే వచ్చాయి, చెయ్యి ఉవ్విళ్ళూరుతోంది.

విజయదశమి నాడు కొట్లో కాటా నుంచి కత్తెర దాకా అన్నిటికీ పూజ చేస్తాం కదా. కంప్యూటరుకీ దాని కేబులుకీ కూడా గంధం రాసి బొట్లు పెట్టాను. మధ్యాహ్నం మూడు లోపల విజయ ముహూర్తం, ఆ వేళ మొదలుపెట్టిన పని చెడదని మా ఇంటి నమ్మకం. పిన్ని ఫోన్‌తో ఆ వేళకే మొదలుపెట్టాలనుకున్నాను. అందరి భోజనాలూ అయి నేను బల్ల దగ్గర కూర్చునేసరికి రెండున్నర దాటింది. ఫోన్‌లో ఉన్నవన్నీ ఎత్తిపెట్టాలంటే ఆ కంప్యూటరుకి గంట పడుతుంది, ముహూర్తం దాటిపోతుంది. కార్డు తెరిచి చూస్తే రికార్డుల పేరుతో ఒక ఫోల్డరు కనిపించింది. కార్డు మీదున్నవాటికి ఎలాగూ ప్రమాదం లేదు, హమ్మయ్య, అన్నీ ఇక్కడే ఉన్నాయి అనుకున్నాను. ఆ ఫోల్డరు తెరిచి ఎన్ని ఉన్నాయో చూడలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని కంపెనీ తాళం తీసే ఆజ్ఞ ఇచ్చాను. ఫోన్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అది అడిగింది. సరేనన్నాను.

కొత్త సాఫ్ట్‌వేర్ సగం ఎక్కాక ఆగిపోయింది. ఫోన్ మీద కంపెనీ పేరు వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది, అంతే. మర్నాడంతా నాకు తోచినవన్నీ చేసి చూసి, మూడో రోజు పిన్నిని వెంటబెట్టుకుని నందిగామ బస్సెక్కాను. బావగారు ఫోన్ కంటే ముందు కేబుల్ అందుకుని దీపం దగ్గర పెట్టి చూసినట్టు చూశారు.

"ఏమ్మా, ఇది కేబులా పెళ్ళికూతురా? గంధం పూసి బొట్టు పెట్టి పంపావ్."

పూజలో రాసిన గంధం కేబుల్ కొసలో దిగి ఎండిపోయి, కనెక్షను తెగుతూ వచ్చిందట. ఆయన ఇంకో కేబుల్ పెట్టి, కంపెనీ సొంత సాఫ్ట్‌వేరే మళ్ళీ ఎక్కించారు. పావుగంటలో ఫోన్ కొత్త పెళ్ళికొడుకులా వెలిగింది. ముగ్గురం నవ్వుకున్నాం. పిన్ని ఆత్రంగా రికార్డులు తెరిచింది. ఎనిమిది ఉన్నాయి. ఎప్పుడో స్థలం చాలనప్పుడు బావగారే కార్డులోకి మార్చిన పాతవి అవి. మిగతా ఇరవై మూడూ ఫోన్‌లో ఉండేవట.

"ఈ ఎనిమిది మందికీ పిల్లలు పుట్టి నడుస్తున్నారే అమ్మాయ్," అంది పిన్ని.

నేను ముహూర్తం సంగతి చెప్పబోతే బావగారు వద్దన్నట్టు నా వైపు చూశారు. పిన్ని కాసేపు వేళ్ళ మీద ఎవరెవరో లెక్కపెట్టుకుంది. పత్తి తీతకి గరికపాడు చెక్‌పోస్టు అవతల, తెలంగాణ వైపు నుంచి మొగుడూ పెళ్ళాలు వచ్చి ఒక మోటారు షెడ్డులో ఉన్నారని, ఆ పిల్లకి ఈ వారమో పై వారమో నొప్పులొస్తాయని, నెంబరు వాళ్ళ మేస్త్రిదని, అది నోటికి రాదని చెప్పింది. తర్వాత లేచింది.

"పోయినవి గొంతులేగా. మనుషులు ఊళ్ళోనే ఉన్నారు. చెప్పులేసుకో, పద."

అటునుంచి అటే చెవిటికల్లు వెళ్ళాం. ఆ సాయంత్రమూ మర్నాడూ ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి గడపలోనూ పిన్ని అదే మాట, నా ఫోన్ పాడయింది తల్లీ, మళ్ళీ ఒక్కసారి చెప్పు అని. ఒకావిడ పొట్ట పట్టుకుని నవ్వి, ఇన్నిసార్లు చెప్పించుకుంటే నెలలు మారిపోతాయా అత్తా అని ఆటపట్టించింది. ఇరవై రెండు గొంతులూ మళ్ళీ ఎక్కాయి, ఈసారి చెప్పినవి చెప్పినట్టు నా నోటు పుస్తకంలో కూడా రాశాను. ఆ మోటారు షెడ్డుకి వెళితే తలుపుకి తాళం. వాళ్ళు వేరే రైతు చేలోకి మారారన్నారు, ఏ రైతో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. చేలగట్ల వెంట మోటారు మోటారుకీ ఆగి అడుక్కుంటూ, మూడో రోజు మధ్యాహ్నానికి పట్టుకున్నాం. అక్కడ ఆ పిల్ల మొగుడి వదిన ఒక్కతే ఉంది. నిన్ననే నొప్పులొస్తే ఎవరిదో బండి వెనక కూర్చోబెట్టుకుని నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్ళారని చెప్పింది.

ఆసుపత్రికి వెళ్ళాం. తల్లీ బిడ్డా క్షేమం, ఆ భగవంతుడి దయ. ఆడపిల్ల. ఆ అమ్మాయి పిన్నిని చూసి మొహం అటు తిప్పుకుంది, కాసేపటికి ఇటు తిరిగింది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు.

"నువ్వొస్తవని పొద్దంతా తొవ్వ జూసిన అత్తా. బండి మీద ఒక్కదాన్నే ఏడ్సుకుంట వచ్చిన."

పిన్ని ఆమె తల నిమిరి, "తప్పు నాదేనమ్మా, ఫోన్ సరిగ్గా చూసుకోలేదు," అంది.

నేను పక్కనే వేణ్ణీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. తప్పు నాదని చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. చెప్పలేదు. పిన్నీ చెప్పలేదు. దారిలో బస్సులో కూడా ఆ ఊసెత్తలేదు, పత్తి ధర గురించీ మా అమ్మ మోకాళ్ళ గురించీ మాట్లాడింది. ఆ తర్వాత ఎన్నో పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ కలిశాం, ఎవరి దగ్గరా ఒక్క మాట జారలేదు. అమ్మకి కూడా చెప్పలేదని అమ్మ పోయేముందు నాకు అర్థమైంది.

దేవుడి మీద నాకు నమ్మకం తగ్గలేదు. ముహూర్తం మంచిదే, నేనే దానికి తొందర అంటగట్టాను. ఉన్నవాటిని జాగ్రత్తగా ఎత్తిపెట్టడం కూడా ఆ పూజలో భాగమేనని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ఫోన్‌కీ ముందు అన్నీ కంప్యూటర్లోకి ఎత్తి, సొంతదారుని పక్కన కూర్చోబెట్టి, ఒక్కొక్క ఫొటో, ఒక్కొక్క రికార్డు వాళ్ళ కళ్ళతో వాళ్ళు చూసుకుని సరే అన్నాకే ముట్టుకునేదాన్ని. నీ దగ్గరకి ఫోన్ తెస్తే పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు కూర్చోబెడతావని బావగారు ఎగతాళి చేసేవారు. కూర్చోబెడితే కూర్చోబెట్టాను, ఇంకెవరిదీ పోలేదు.

ఇప్పుడు ఆ పనే పోయింది. బ్యాటరీ మన చేతికి రాదు, లోపలి గదులకి తాళం మీద తాళం వేశారు, తాళం తీస్తే బ్యాంకు యాప్‌లు అలిగి కూర్చుంటాయి. ఫొటోలన్నీ వాటంతటవే ఎక్కడికో ఎత్తబడుతున్నాయి. మంచిదే, నాలాంటి తొందరవాళ్ళ వల్ల నష్టం తగ్గింది. కానీ గడప గడపకీ వెళ్ళి ఫోన్ నోటి ముందు పెట్టి, నీ ఇంటికి ఎలా రావాలో నువ్వే చెప్పమ్మా అని అడిగేవాళ్ళు కూడా తగ్గారనిపిస్తుంది. నెంబర్లు మన దగ్గర చాలా ఉన్నాయి, దారులే తెలియవు. మా మరిది కోడలు ఇదంతా విని, అయితే ముందు ఇవన్నీ ఎత్తిపెట్టుకుందాం అత్తయ్యా అంది. ఇద్దరం కూర్చుని ఎత్తిపెట్టాం. రూట్ సంగతి వచ్చే వారం చూద్దామంది, ఆ వారం ఇంకా రాలేదు.

పోయిన కార్తికంలో పిన్ని కన్నుమూసింది. ఆ మోటారు షెడ్డు పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు, ఉంటే ఈ అక్షరాల ద్వారా చెబుతున్నాను, తప్పు నాదమ్మా. చదివేవాళ్ళని నేను కోరేది ఒకటే. ఎప్పుడైనా ఫోన్ మీ వేలి కింద, అన్నీ చెరిగిపోతాయి, సరేనా అని అడిగితే, సరే అనేముందు ఒక్క నిమిషం ఆగి, నా తప్పు తన నెత్తిన వేసుకుని కడదాకా ఆ మాట పైకి అనని మా పిన్నిని తలుచుకోండి.