చిన్నమ్మ టెస్టర్ పెట్టి చూసిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎండాకాలం తాతయ్య ఫ్యూజు పీకిన రోజున వచ్చేది. కోయంబత్తూరు పక్కన సింగానల్లూరులో, మిల్లు వెనక వీధిలో మా ఇల్లు. ఒక్కో గోడను రెండేసి ఇళ్ళు పంచుకునే వరస ఇళ్ళు అవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తాతయ్య ఆ మిల్లులోనే కరెంటు పని చేసి రిటైరైన మనిషి కాబట్టి, ఇంటి కరెంటు పనికి బయటివాళ్ళను పిలవడం మా ఇంట్లో జరగని సంగతి.

తమిళుల ఐప్పసి నెలలో, అంటే అక్టోబరు ఆఖరున, పట్టిన వానలు, ఆ వెనక మార్గళి మంచు, వీటి మధ్య మా ఫ్యాన్లు నెలల తరబడి తిరిగేవి కావు. చెక్క స్విచ్చు పలకలు తేమకు ఉబ్బేవి. పలక వెనక చీమలు మట్టి తెచ్చి కాపురం పెట్టేవి. రాగి తీగ కొసలు పచ్చబడేవి. దారి తప్పిన కరెంటును నేలలోకి దించే పెరట్లోని ఎర్త్ గుంత తై నెలకల్లా, అంటే సంక్రాంతికల్లా, పూర్తిగా ఎండిపోయేది. ఈ స్థితిలో పంగుని ఎండ మొదలై, ఇంట్లో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా తిరిగితే వదులుగా ఉన్న ప్రతి అతుకూ వేడెక్కుతుంది. అందుకని మాసి నెల చివర, మార్చి మొదట్లో, ఒక ఆదివారం తాతయ్య పని పెట్టుకునేవాడు. ముందు ఫ్యూజు పీకడం, తర్వాత పలకలు విప్పి దులపడం, మరలు బిగించడం, ఫ్యాన్లకు నూనె, ఆఖరున ఎర్త్ గుంతలో ఉప్పు నీళ్ళు పోయడం. ఈ వరస ఎప్పుడూ మారేది కాదు.

ఆ ఏడు మాత్రం వరస అదే ఉన్నా, చేసే మనిషి మారాల్సి వచ్చింది. వానల్లో తాతయ్యకు కంటి పొర తీశారు. ఆ ఆపరేషను సరిగా కుదరలేదు. దూరం మనుషులు కనిపించేవారు కానీ దగ్గరి మరలు కనిపించేవి కావు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, తాతయ్య మాత్రం ఒప్పుకునేవాడు కాదు. మా చిన్నాయన పొల్లాచ్చిలో కొబ్బరి పీచు మిల్లులో పనికి వెళ్ళి ఉన్నాడు. మిగిలింది ఆయన భార్య, మా చిన్నమ్మ. ఆమె మా ఇంటికి వచ్చి ఏడాది కూడా కాలేదు. పెళ్ళికి ముందు నుంచీ మోటార్లకు తీగ చుట్టే వర్క్‌షాపులో పని చేస్తోంది. స్క్రూడ్రైవరు ఆమె చేతికి గరిటె ఎంత అలవాటో అంత అలవాటు. అయినా మామగారి ఎదుట స్టూలు ఎక్కడానికి ఆమె చాలాసేపు తటపటాయించింది.

"ఎక్కమ్మా, సిగ్గు పడితే ఫ్యాను తిరుగుతుందా?" అన్నాడు తాతయ్య.

హాలు పని బాగానే సాగింది. తాతయ్య కింద నిలబడి చెప్పేవాడు, చిన్నమ్మ పైన చేసేది. పీకిన ఫ్యూజును తాతయ్య చొక్కా జేబులో వేసుకున్నాడు. దుమ్ము రాలిన కొద్దీ ఆయన ముఖం తేటపడింది. తన పని తన ఇంట్లోనే ఉందన్న నమ్మకం కలిగిందేమో, ఆమెను ఒకసారి మెచ్చుకున్నాడు కూడా.

తర్వాత వంటింటికి వచ్చాం. అక్కడి లైటు స్విచ్చు తేమకు ఆఫ్‌లోనే బిగుసుకుపోయి పైకీ కిందికీ కదలడం లేదు. దాన్ని మార్చాలి. చిన్నమ్మ పలక విప్పి ముందుకు వంచింది. తీగలు బయటికి వచ్చాయి. తాతయ్య కొత్త స్విచ్చు అందించబోయాడు. ఆమె అందుకోలేదు. తీగలో కరెంటు ఉంటే వెలిగే టెస్టరును నడుము దగ్గర దోపుకుని ఉంది, అది తీసింది.

తాతయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ఏమిమ్మా అది? నేనే కదా ఫ్యూజు పీకితిని. జేబులో ఉండాది చూడు."

"తెలుసు మామా. సుమ్మా ఒకసారి."

సుమ్మా అంటే ఊరికే అని. మా వాళ్ళు ఆ తమిళ మాట లేకుండా మాట్లాడలేరు. కానీ ఆ క్షణాన అది ఊరికే అన్నట్టుగా ఎవరికీ వినిపించలేదు. పొయ్యి దగ్గర పప్పు కలుపుతున్న అవ్వ గరిటె ఆపి కోడలి వైపు కోపంగా చూసింది. మిల్లులో తాతయ్య "లైను లేదు" అంటే అందరూ మారు మాట్లాడకుండా మెషీనులో చెయ్యి పెట్టేవారట. ఆ మాట మేము ఎన్నిసార్లు విన్నామో. హాలులో టెస్టరు పెట్టినప్పుడు ఆయన బయట బోర్డు దగ్గర ఉన్నాడు కాబట్టి చూడలేదు. ఇప్పుడు ఎదుటే జరుగుతోంది.

చిన్నమ్మ టెస్టరు కొసను ఒక తీగకు ఆనించింది. ఏమీ లేదు. రెండో తీగకు ఆనించింది. ఆమె భుజాలు బిగుసుకున్నాయి.

"మామా, కరెంటు ఉండాది."

"ఎక్కడ? నాకు కనపడలే."

కిటికీలోంచి పట్టపగటి వెలుగు నేరుగా ఆమె చేతి మీద పడుతోంది. టెస్టరులోని చిన్న ఎర్ర వెలుగు ఆ ఎండలో చాలా పల్చగా ఉంది. నేను స్టూలు పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. తాతయ్య కంటికి అది అందదని అక్కడున్న అందరికీ తెలుసు. ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆయన నా వైపు తిరిగాడు. "నీకు కనపడిందారా కణ్ణూ?"

ఆయన ఏ జవాబు కోరుతున్నాడో ముఖంలోనే ఉంది. "ఉండాది తాతా," అన్నాను.

"సరి, వాడు నీ కట్చే," అన్నాడు చిన్నమ్మతో. కట్చి అంటే పార్టీ. నవ్వుతూ అనాల్సిన ఆ మాటను నవ్వకుండా అన్నాడు. "గోడ తేమగా ఉంటే టెస్టరు అట్లే మినుకుతుంది. నలభై ఏండ్లు చూసినవాణ్ణి. దిగు, నేను చెయ్యి పెట్టి చూపిస్తా."

చిన్నమ్మ దిగింది. తాతయ్య పంచె ఎగగట్టి స్టూలు ఎక్కాడు. వట్టి కాళ్ళు. పక్కనే అవ్వ కడిగిన గిన్నెల నీళ్ళు నేల మీద చారలుగా పారుతున్నాయి. ఒక చెయ్యి తడి గోడకు ఆనించుకుని, రెండో చెయ్యి తీగ వైపు చాచాడు.

అప్పుడు చిన్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

మా ఇళ్ళలో కోడలు మామగారి ఎదుట కుర్చీలో కూర్చోదు. ఆమె రెండు చేతులతో ఆయన మణికట్టు పట్టి కిందికి లాగి, వదలలేదు. "వద్దు మామా," అంది. "వదులు" అన్నాడు ఆయన. వదలలేదు. మళ్ళీ అన్నాడు, ఈసారి అరిచాడు. స్టూలు కదిలింది. నేను దాని కాలు గట్టిగా వాటేసుకున్నాను. ఇది నా కళ్ళ ముందు ఎటు పోతుందో నాకు తెలియలేదు.

"అయ్యో, వద్దయ్యా! అది పక్కింటి కరెంటు!"

అరిచింది అవ్వ.

కాసేపటికి గానీ సంగతంతా బయటికి రాలేదు. తాతయ్య కంటి ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వాన నీరు దిగి మా వంటింటి లైను చచ్చిపోయిందట. చీకట్లో వండలేక అవ్వ పక్కింటి పెద్దాయనను అడిగింది. ఆయన కొడుకు వచ్చి, మా బోర్డు నుంచి వచ్చే తీగ విప్పేసి, రెండిళ్ళ మధ్య గోడలోని కన్నంలోంచి వాళ్ళ లైను తెచ్చి మా వంటింటికి కలిపి వెళ్ళాడు. తాతయ్యకూ ఆ పెద్దాయనకూ మురికి కాలువ దగ్గర మాట పట్టింపు వచ్చి మాటలు లేవు. అందుకని అవ్వ చెప్పలేదు. మా ఫ్యూజు పీకితే ఇంట్లో మొత్తం ఆగిపోతుందనే ఆమె అనుకుంది. కోడలు కరెంటు ఉందన్నప్పుడు గానీ ఆ తీగ ఆమెకు గుర్తుకు రాలేదు. గుర్తుకు వచ్చాక భయంతో నోరు పెగల్లేదు.

తాతయ్య స్టూలు దిగాడు. అవ్వను తిడతాడని ఎదురు చూశాం, తిట్టలేదు. చిన్నమ్మ తాను పట్టుకున్నది ఎవరి చెయ్యో అప్పుడే తెలిసొచ్చినట్టు, రెండు చేతులూ కొంగులో దాచుకుంది. ఆయన తన మణికట్టు మీది ఎర్రని వేళ్ళ గుర్తులు చూసుకుని, చొక్కా సరిచేసుకుని బయటికి నడిచాడు.

నేరుగా పక్కింటి గుమ్మం ముందు ఆగాడు. మేమందరం వాకిట్లోంచి చూస్తున్నాం. మూసుకుపోయిన మాటను తెరవడం ఆయనకు ఎంత కష్టమైందో, గొంతు సవరించుకోవడంలోనే వినిపించింది. ఆ ఇంటి పెద్దాయన సంగతి విని కంగారుగా వెళ్ళి తన ఫ్యూజు పీకి, తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాడు. మా వెంటే వంటింట్లోకి వచ్చాడు.

"ఇప్పుడు లేదు. తైరియంగా చెయ్యి పెట్టండి," అన్నాడు.

చిన్నమ్మ స్టూలు ఎక్కింది. టెస్టరు చేతిలోకి తీసుకుంది గానీ పైకి ఎత్తలేదు. ఒకసారి పక్కింటి పెద్దాయన వైపు, ఒకసారి మామగారి వైపు చూసి తల దించుకుంది.

"పెట్టి చూడమ్మా," అన్నాడు తాతయ్య.

పక్కింటి పెద్దాయనకు చురుక్కుమంది. "ఏమప్పా, ఇప్పుడే కదా తెచ్చి చేతిలో పెడితిని. నా మాట మీద నమ్మకం లేదా?"

"నా మాటనే నమ్మలే అది," అన్నాడు తాతయ్య. "నీ మాట ఎందుకు నమ్మాల?"

పెద్దాయన ముందు తెల్లబోయాడు, తర్వాత పగలబడి నవ్వాడు. అవ్వ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. తాతయ్య నవ్వలేదు. ఆయన కోడలి చేతి వైపే చూస్తున్నాడు. ఆమె టెస్టరు పెట్టింది. వెలగలేదు. ఆ వెలుగు తన కంటికి అందదని అప్పుడు ఆయనే నోరు తెరిచి కోడలితో అన్నాడు. "ఉండాదో లేదో నువ్వే చెప్పు కణ్ణూ, నాకు తెలియదు." చిన్నమ్మ లేదని చెప్పాకే కొత్త స్విచ్చు అందించాడు.

ఇప్పుడు నేను మోటారు పంపుల ఫ్యాక్టరీలో కరెంటు విభాగంలో పని చేస్తున్నాను. ఎవరు లైను లేదన్నా నేను టెస్టరు పెడతాను. ఇది మా చదువులో మొదటి పాఠమే, అందులో గొప్ప ఏమీ లేదు. ఆ రోజు నాకు అంటుకున్నది దాని రెండో సగం. నా కింద చేరిన కుర్రవాళ్ళలో కొందరు, నేను "ఆఫ్ చేశాను" అనగానే మర్యాద కోసం టెస్టరు తీయకుండా చెయ్యి చాపుతారు. వాళ్ళను అక్కడే ఆపి, పెట్టి చూడమంటాను. నేనేమీ అనుకోనని కూడా చెబుతాను. అది పూర్తిగా నిజం కాదు. వాళ్ళు టెస్టరు ఆనించి, దాని వైపు కళ్ళు చికిలించి చూసేటప్పుడు నాకూ ఎక్కడో కాస్త గుచ్చుకుంటుంది. ఆ గుచ్చుకున్నది ముఖంలోకి రానివ్వకుండా, వాళ్ళు చూసుకునేదాకా పక్కన నిలబడతాను.