సందేళ ఫోను

అగ్రికో కాలనీలో ఉండే ఒక రిటైరైన టీచరమ్మను చూసుకునే పని నాది. స్నానం చేయించడం, మందులు వేయడం, నడిపించడం, తల దువ్వడం. ఆవిడ తమిళులు, నేను తెలుగుదాన్ని; ఈ హిందీ ఊళ్ళో మా మధ్య మాటలన్నీ హిందీలోనే. చెన్నైలో ఉన్న కోడలికి మాత్రం హిందీ రాదు, నాకు తమిళం రాదు. డాక్టరుతో మాట్లాడేదీ, ఆసుపత్రికి కబురు చేసేదీ ఆమే. రోజూ దీపాలు పెట్టే వేళకి ఫోను చేసి, అత్తగారు ఎలా ఉన్నారని ఇంగ్లీషులో అడిగేది.

"ఫైన్, మేడమ్" అనేదాన్ని.

అన్నం ముట్టకపోయినా ఫైన్, కాలు వాచినా ఫైనే. భాష రాక కొంత. మిగతాది మా అత్త పుణ్యం. "సందేల చెడ్డమాట నోట రానీకే, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని నేను ఈ ఊళ్ళో బాగ్‌బేరా బస్తీకి కాపురానికి వచ్చిన నాటి నుంచి నూరిపోస్తోంది. ఒంట్లో బాగులేని మనిషి గురించి, అదీ ఆ వేళ, బాగులేదని ఎలా అనను?

బతుకంతా పిల్లలకి ఇంగ్లీషు చెప్పిన టీచరమ్మకి ఇది నచ్చేది కాదు. తల దువ్వుతుంటే అద్దంలోంచి నన్ను చూసి, "పెద్ద వాక్యాలు నీకెందుకు? కంటికి ఏం కనబడితే అది చెప్పు. మెల్లగా, గట్టిగా" అనేవారు. కాలు వాచిందని ఇంగ్లీషులో నాచేత మళ్ళీ మళ్ళీ అనిపించేవారు. తప్పు పలికితే నవ్వేవారు కాదు. నేను మూతి ముడిస్తే మాత్రం పగలబడి నవ్వేవారు. ఆవిడంటే నాకు ప్రాణం.

ఒక సాయంత్రం టీ తాగుతుండగా ఆవిడ పెదవి ఒక పక్కకి జారింది. టీ గడ్డం మీదుగా కారింది. "అమ్మా!" అని పిలిస్తే ఏదో అనబోయారు, మాట ముద్దగా వచ్చింది. ఎడం చెయ్యి పట్టుకుంటే అందులో పట్టు లేదు. అప్పుడే ఫోను మోగింది.

ఎలా ఉన్నారని కోడలు అడగ్గానే అలవాటు మాట నాలుక మీదికి వచ్చేసింది. మింగేశాను. టీచరమ్మ కళ్ళు నా మీదే ఉన్నాయి.

"నాట్ ఫైన్, మేడమ్. మౌత్ వన్ సైడ్ డౌన్. లెఫ్ట్ హ్యాండ్ నో పవర్. టాకింగ్ నాట్ క్లియర్. నౌ ఓన్లీ స్టార్ట్. అంబులెన్స్, మేడమ్, క్విక్!"

ఆమె మళ్ళీ అడగలేదు. అంబులెన్స్ వచ్చింది. వేళకి తెచ్చారని ఆసుపత్రిలో డాక్టరు అన్నారు.

ఇంటికి వెళ్ళి అత్త ముందు భోరుమన్నాను. సందేళ అనకూడని మాట అనేశాను, ఆవిడకేమైనా అయితే నా నోటివల్లే అని. అత్త వీపు నిమిరింది.

"ఊరుకోయే. ఆ దేవతలకి ఇంగ్లీసు వత్తాదేటి?"

ఏడుపులోనే నవ్వొచ్చింది.

టీచరమ్మ ఇంటికొచ్చారు. మాట ఇంకా నెమ్మదే. ఇప్పుడు అద్దం ముందు ఆవిడచేత నేను మాటలు అనిపిస్తున్నాను. "మెల్లగా, గట్టిగా" అంటే గుర్రుగా చూస్తారు. సాయంత్రం ఫోను మోగితే ముందు ఆవిడ పెదవి చూస్తాను. ఎడం చెయ్యి అందుకుని నొక్కమంటాను. కావాలనే నా వేళ్ళు నొప్పెట్టేలా నొక్కుతారు.

అప్పుడు "ఫైన్, మేడమ్" అంటాను, వీధిలోకి వినబడేలా. దేవతలు వింటే విననీ.