ఛాతీలో ఈల

డార్కస్ పిల్‌గ్రిమ్ ఇరవై రెండేళ్లు పీతలు ఉడికించింది. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ ద్వీపం ఉత్తరపు కొసన మా రేవులో ఆమెను అందరూ అత్తా అనే పిలుస్తారు. నాకు రక్తసంబంధమేమీ లేదు. పీతల ఫ్యాక్టరీలో ఆమె పక్కన నిలబడ్డ ఆరు వేసవులే మా చుట్టరికం. ఏప్రిల్‌లో సముద్రపు మంచు విడిపోగానే పడవలు బయలుదేరేవి. మే వచ్చేసరికి ఉడికించే గదిలో ఆవిరి ఎంత దట్టంగా ఉండేదంటే, పక్క మనిషి చేతులు కనిపించేవి, ముఖం కనిపించేది కాదు. ఆ తెల్లదనంలోంచి డార్కస్ అత్త గొంతు వచ్చేది, నిన్న ఎవరి మొగుడు ఎక్కడ తాగి పడ్డాడో చెబుతూ.

ఆమెకు అటుపక్క చెల్లెలు సెలీనా నిలబడేది. రెండు చలికాలాల కిందట, ఫిబ్రవరిలో, ఫ్యాక్టరీ మూసి, రేవంతా గడ్డకట్టి, చుట్టుపక్కల ఒక్క పీత కూడా లేని రోజుల్లో, సెలీనా వంటింటి కుర్చీలో ఊపిరందక పోయింది. గుండె అన్నారు. ఆ చోట ఇంకెవర్నీ నిలబెట్టొద్దని డార్కస్ అత్త మేస్త్రీని అడిగింది. ఆయన సరేనన్నాడు. ఆవిరికి అవతల ఎవరో ఉన్నట్టే ఉండేది.

మాలో దగ్గని వాళ్లు లేరు. పీత దగ్గు అనేవాళ్లం. సీజనుతో వస్తుంది, సీజనుతో పోతుంది. టీ గదిలో మేకుకు నీలం రంగు ఇన్‌హేలర్ ఒకటి దారంతో వేలాడేది. అది ఏ డాక్టరు ఎవరికి రాసిచ్చిందో ఎవరికీ గుర్తులేదు. ఆయాసం వచ్చినవాళ్లు వెళ్లి రెండుసార్లు పీల్చి, పీత నీళ్లు కారే ఏప్రన్‌కే దాని మూతి తుడిచి, మళ్లీ తగిలించేవాళ్లు.

జూన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం డార్కస్ అత్త ఫోన్ చేసింది.

"పిల్లా, ఒకసారి రా. సెలీనా వచ్చింది."

"ఎవరొచ్చారు?"

"చెవుడా నీకు? మా చెల్లి. వాకిటి గదిలో ఉంది. నువ్వొస్తే పోతుందేమో. అయినా రా."

పొగమంచు ఇళ్లను ఒక్కొక్కటిగా చెరిపేస్తోంది. నేను వెళ్లేసరికి ఆమె వాకిటి గదిలో బల్ల మీద కూర్చుని ఉంది. కొక్కేనికి సెలీనా బూడిదరంగు స్వెట్టర్ వేలాడుతోంది. ఫ్యాక్టరీలో ఆమె ఏప్రన్ కింద వేసుకునేది అదే. చెల్లెలి వాసన పోతుందని డార్కస్ అత్త దాన్ని ఉతకలేదు. ఆ స్వెట్టర్ చేతినొకదాన్ని ఒళ్లోకి లాక్కుని పట్టుకుంది.

"విను," అంది.

విన్నాను. సన్నని ఈల. తలుపు కింద గాలిలా మొదలై, చివర పైకి లేచి తెగిపోతోంది. సెలీనా ఆఖరి వేసవిలో సరిగ్గా ఇలాగే ఊపిరి తీసేది. అప్పుడు గమనించాను. డార్కస్ అత్త భుజాలు లేచి దిగినప్పుడల్లా ఆ ఈల వస్తోంది.

"అత్తా, ఒక్కసారి ఊపిరి బిగబట్టు."

బిగబట్టింది. నిశ్శబ్దం. వదిలింది. ఈల.

"అది నీ ఛాతీలోంచే వస్తోంది."

నేనేదో లాక్కున్నట్టు చూసింది నన్ను. "నాకు తెలియదనుకున్నావా? ఛాతీ నాదే. గొంతు దానిది."

ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. కోటు తొడిగి ట్రక్కులో క్లినిక్‌కు తీసుకెళ్లాను.

మా క్లినిక్ నడిపేది నర్సు ఒడెల్. గొట్టంలోకి ఊదించింది, వీపు మీద విన్నది, ముక్కుకు ఆవిరి మందు తగిలించింది. మాట తిరిగి రాగానే డార్కస్ అత్త అడిగింది: "ఇన్నేళ్లూ ఏం చెయ్యని పీత ఇప్పుడేం చేస్తుంది నన్ను?"

"పీత ఏమీ చెయ్యట్లేదత్తా. చేస్తున్నది నీ ఒళ్లే. ఆ ఆవిరిలో పీత మాంసపు తుంపర ఉంటుంది. ఏదో ఒక ఏడు నీ ఒంట్లో కాపలా కాసేవాళ్లు దాన్ని చూసి శత్రువనుకున్నారు. ముఖం గుర్తుపెట్టుకున్నారు. ఇప్పుడు పిసరంత తగిలినా కేకేస్తారు. ఊపిరి గొట్టాలు ఎర్రబడి, వాచి, జిగురు పట్టి ఇరుకైపోతాయి."

"మా అత్తగారి బాపతే. ఒకసారి ముఖం నచ్చకపోతే చచ్చేదాకా మరిచేది కాదు."

నర్సు నవ్వింది. "వాపు చెడ్డది కాదు. దెబ్బ తగిలితే కాపాడేది అదే. పనయ్యాక 'ఇక చాలు, ఇళ్లకు పొండి' అనేవాళ్లు కూడా ఒంట్లోనే ఉంటారు. నీలో వాళ్ల మాట చెల్లట్లేదు."

"మరి ఫిబ్రవరిలో పీత ఎక్కడుంది?"

నర్సు ఆవిరి మందు గొట్టం సర్దింది. "వాపు పాతుకుపోతే, తెచ్చిన పీత వెళ్లిపోయినా తను ఉండిపోవచ్చు. సెలీనా సంగతి నేను చెప్పలేను. ఆమెను నేను చూడలేదు." తర్వాత గోధుమరంగు ఇన్‌హేలర్ ఒకటి చేతిలో పెట్టింది. "ఆ నీలం మందు తలుపు తెరుస్తుందంతే, లోపలి నిప్పు ఆర్పదు. ఇది ఆర్పుతుంది, మెల్లగా. ఇలాంటిది మన ఒళ్లూ తయారుచేసుకుంటుంది. రాత్రి తగ్గుతుంది, ఆయాసం ఆ వేళ ఎక్కువవడానికి అదీ ఒక కారణం. రోజూ రెండు పూటలా పీల్చి నోరు పుక్కిలించు. బాగున్నా మానకు. ఆ గదిలోకి మళ్లీ వెళ్లకు. ఇంట్లో పీత తగిలిన బట్టలున్నాయా?"

"లేవు," అంది డార్కస్ అత్త. నేను నేల చూశాను.

ట్రక్కులో ఆ ఇన్‌హేలర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. ఆఖరికి అడిగింది: "ఇది పీలిస్తే ఈల పోతుందా?"

"పోవాలి."

"మొత్తం పోతుందా?"

ఆమె దేనికి భయపడుతోందో అప్పుడర్థమైంది.

ఫ్యాక్టరీ మానేసింది. మందు మాత్రం పెట్టెలోంచి తీయలేదు. నేను రోజూ పని నుంచి ఇంటికెళ్లి, స్నానం చేసి, బట్టలు మార్చి ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. వాకిటి గదిలోనే ఉండేది. ఈల రోజురోజుకూ నిండుగా అవుతోంది. దానితో మాట్లాడుతూండేది. నన్ను చూసి ఆపేది.

పదో రోజు నేను ఊరుకోలేకపోయాను. "ఎందుకు పీల్చవు?"

"చెల్లి నా పక్కనే నిలబడి రొప్పుతుంటే, పీత దగ్గేలే, నాటకాలాడకు అన్నాను." ఒక్కో మాటకూ ఆగింది. "అప్పుడు వినలేదు. ఇప్పుడైనా విననీ."

"నువ్వు వింటున్నది సెలీనాను కాదత్తా. సెలీనా పీక పట్టుకున్నదాన్ని."

"పో అవతలికి. పెద్ద చెప్పొచ్చావు. నీ టీ నీ ఇంట్లోనే తాగు."

వెళ్లిపోయాను. మర్నాడు పొద్దున పనికి బయలుదేరబోతుంటే మా గేటు దగ్గర నిలబడి ఉంది, ఒక చెయ్యి స్తంభానికి ఆనించి. రెండో చేతిలో పిండి సంచి, మూతి ముడివేసి. ముడి సందులోంచి బూడిదరంగు ఊలు పోగు ఒకటి బయటికొచ్చి ఉంది.

"తీసుకో. ఏం చేశావో నాకు చెప్పకు."

"మందు?"

"పీల్చాను. సుద్దపొడి రుచి."

సంచిని ఏం చేశానో ఇక్కడ కూడా రాయను.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం, కిటికీల అద్దాలు ఎర్రగా ఉన్నప్పుడు, ఆమె కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుంది. "చెవి ఆనించు."

వీపుకు చెవి ఆనించాను. గాలి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, ఎక్కడా తగలకుండా. దాని వెనక ఎక్కడో గుండె.

"ఏమైనా ఉందా?"

"ఏమీ లేదత్తా."

"సరిగ్గా విను."

మళ్లీ విన్నాను. ఆమె కూడా వింటోంది. తన ఊపిరే తనకు అడ్డమన్నట్టు, దాన్ని అతి నెమ్మదిగా వదులుతోంది.

"లేదు."

"ఊఁ."

మందు వేళయింది. గోధుమరంగు ఇన్‌హేలర్ అందుకుని రెండుసార్లు పీల్చింది, లోతుగా, తొందర లేకుండా. నీళ్లు పుక్కిలించి సింకులో ఉమ్మింది. తర్వాత కొళాయి కట్టకుండా, నా వైపు తిరగకుండా, చాలాసేపు అక్కడే నిలబడింది.