కనుమ ఎక్కని ఎర్ర బండి

1979 వేసవి. కదిరిలో, హిందూపురం రోడ్డు పక్కన నాది రేడియేటర్లు బాగుచేసే చిన్న షెడ్డు. ఇంజను వేడిని నీళ్ళతో లాగి గాలికి వదిలే పెట్టె రేడియేటరు. నీటిచుక్క దొరకని మా సీమలో అది నడిదారిలో మొరాయిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకరోజు ధర్మవరం పట్టుచీరల వ్యాపారి రంగప్ప ఒక ఎర్ర స్పోర్ట్స్ కారును ట్రాక్టరుకు కట్టించి లాక్కొచ్చాడు. రెండే సీట్లు, ఎప్పుడో ఇంగ్లీషు దొర వాడిన బండి. దాని మీద మోజుపడి కొన్నది అతని అన్న. కిందటి వేసవిలో నల్లమాడ దగ్గర కనుమ, అంటే కొండదారి, ఎక్కుతుండగా ఫ్యాన్ బెల్టు తెగి బండి ఉడికిపోతే, ఆ అన్న నీళ్ళు వెతుక్కుంటూ నడిచి వడదెబ్బకు పడిపోయాడు. మళ్ళీ లేవలేదు.

"బెల్టు కొత్తది ఏయించినానన్నా. అయినా అమావాస్య దాటినాక ఆ కనుమ ఎక్కితే సాలు, ఉడుకుతాండాది. సరిగ్గా మాయన్న పడిన తావులోనే. వానికి ఇంకా దప్పిక తీరలేదంటాది మాయమ్మ."

"దయ్యాలకు నేను రిపేర్లు చెయ్యనప్పా," అని కసురుకున్నాను. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది.

రేడియేటరు విప్పి, గాలి కొట్టి నీళ్ళ తొట్టిలో ముంచాను. చిల్లి ఉంటే బుడగలు రావాలి. ఒక్కటీ రాలేదు. తిరిగి బిగించి, రంగప్పను పక్కన కూర్చోబెట్టుకుని నేనే కనుమకు తోలాను. మిట్టమధ్యాహ్నం. దారి పొడవునా మనిషి లేడు, మేక లేదు. అతని అన్న పడిన మలుపు తిరగగానే వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజను ఆపేశాను. బానెట్ కింద నుంచి ఎవరో నీళ్ళు తాగుతున్న చప్పుడు. గుటుక్, గుటుక్. కాసేపు ఆగి, మళ్ళీ గుటుక్. ఉడికే నీళ్ళు అలాగే చప్పుడు చేస్తాయని నాకు తెలుసు. తెలిసినా రంగప్ప ముఖం చూడడానికి భయం వేసింది.

బండి చల్లారాక, డబ్బాలో తెచ్చుకున్న నీళ్ళు పోసుకుని వెనక్కి వచ్చాం. ఈసారి రేడియేటరు పై ట్యాంకు అతుకు కరిగించి ఊడదీశాను. దాని కింద కోర్ ఉంటుంది, అంటే నీళ్ళు దిగే సన్నటి గొట్టాల కట్ట. ఆ గొట్టాల నోళ్ళ నిండా నల్లగా ఏదో. వేలితో తీసి చూస్తే నువ్వులు.

రంగప్ప ఒక గింజను అరచేతిలో వేసుకుని చూశాడు. "అమావాస్యకు నాయనకూ అన్నకూ నువ్వులు నీళ్ళు వదుల్తానన్నా. ఆ నీళ్ళు చెట్టు మొదట్లో పొయ్యమని మాయమ్మ చేతికిస్తా."

ఆమె వాటిని ఎక్కడ పోస్తోందో ఇద్దరికీ అర్థమైంది. గొట్టాలు సగం పూడినా చదును దారిలో బండి నెట్టుకొస్తుంది. ఎక్కుడులో ఉడికి ఆగిపోతుంది. లోపల ఇరుక్కున్న గింజలు తీయడం కుదరదు, వేరే రేడియేటరు వేయాలన్నాను.

"కొత్తదానికి తాళం ఏసే మూత పెట్టన్నా. నాకూ అన్న గతే పడితే ఆమెకు ఎవురుండారు?"

అసలు రకం రేడియేటరు కావాలంటే బొంబాయి పాత సామాన్ల అంగళ్ళు గాలించాలి. దొరికినా సన్న గొట్టాలు, మా బోరునీళ్ళ సున్నానికే పూడిపోతాయి. అంబాసిడర్‌ది పెడితే ఎత్తు ఎక్కువై బానెట్ మూసుకోదు. జీపుది గొట్టాలు వెడల్పు, ఎత్తు కోసి తిరిగి అతకవచ్చు. అదే ఎంచుకున్నాను. తాళం మూతా చేశాను.

బండి తీసుకుపోయే రోజు తల్లి కూడా వచ్చింది. మూతకున్న తాళాన్ని ఒకసారి వేలితో తడిమింది.

"పాతది యాడ పెట్టినావప్పా?"

మూలన పాత ఇనుములో పడి ఉన్నదాన్ని చూపించాను. దగ్గర కూర్చుని కొంగుతో మసి తుడిచింది.

"దీనికి నీళ్ళు తెస్తానని పోయినాడు నా కొడుకు. తిరిగొస్తే దీని కాడికే కదప్పా రావల్ల. వచ్చినప్పుడు ఖాళీగా ఉంటే మళ్ళా నీళ్ళకు పోతాడు."

నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. పై ట్యాంకు మళ్ళీ అతికి ఇచ్చాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆమె బండెక్కింది.

ఆ తర్వాత కనుమలో బండి ఉడకలేదని రంగప్ప కబురు పంపాడు. పాత రేడియేటరు వాళ్ళ పెరట్లో ఉందట, అమావాస్యకు వాళ్ళమ్మ నువ్వుల నీళ్ళు అందులోనే పోస్తోందట.

అప్పటినుంచి, తీసేసిన సామాను తూకానికి వేసే ముందు "ఇది మీకు కావాలా?" అని ప్రతివారినీ అడుగుతాను. చాలామంది నవ్వుతారు. ఎప్పుడో ఒకరు మాత్రం రెండు చేతులూ చాపుతారు.