తలకి తగిలినా చావని శత్రువు

మా పిన్నికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కాకపోతే కోపం వచ్చిన ప్రతిసారీ న్యాయం ఆవిడ వైపే ఉంటుంది, అదే మాకు వచ్చిన చిక్కు. కళ్ళద్దాల దుకాణంలో లెన్సులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆవిడ పని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పెట్టుకున్నవాళ్ళకి తలనొప్పి ఖాయమంటుంది. అంత నిక్కచ్చి మనిషి కనకనేమో, తుపాకీ ఆటలో ఆవిడ గురి తప్పగా నేనెప్పుడూ చూడలేదు.

టీవీకి తగిలించుకుని ఆడే ఆట అది. తెర మీద మన చేతులూ, చేతుల్లో తుపాకీ మాత్రమే కనిపిస్తాయి, ఎదురొచ్చినవాణ్ణి కాల్చాలి. పిన్నీ బాబాయీ పెళ్ళయిన కొత్తలో ఆ డిస్కు కొనుక్కున్నారు. ఇద్దరాడితే తెర రెండు ముక్కలవుతుంది, ఎడమ సగం పిన్నిది, కుడి సగం బాబాయిది. బాబాయి బస్సు డ్రైవరు. ఆయన ఇల్లు చేరేసరికి ఆవిడ దుకాణంలో ఉంటుంది, ఆవిడ వచ్చేసరికి ఆయన రోడ్డు మీద ఉంటాడు. ఇద్దరికీ కలిసొచ్చేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. ఆ పూట నడుం విరిగిన సోఫాలో పక్కపక్కన కూర్చుని లోకాన్ని కాపాడేవారు. ఒకరు లేకుండా ఇంకొకరు ఆడకూడదని వాళ్ళకో ఒప్పందం. ఆ సమయంలో ఫోన్ చేసి పిన్ని చేత చివాట్లు తిననివాళ్ళు మా చుట్టాల్లో లేరు. నన్ను మాత్రం నోరెత్తకుండా కూర్చుంటానన్న షరతు మీద రానిచ్చేవారు.

పోయినేడు ఆ ఆటకి కొత్త భాగం వచ్చింది. బాబాయే ముచ్చటపడి కొని తెచ్చాడు. ఎందుకు తెచ్చాడా అని ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

కొత్త ఆటలో అందరి నెత్తి మీదా అంకెలు. శత్రువుల్ని చంపినకొద్దీ పెరిగే ఆ అంకెని లెవెల్ అంటారట. చచ్చినవాడి దగ్గర్నుంచి తుపాకులు రాలతాయి. తెల్లవి, ఆకుపచ్చవి, నీలంవి, అన్నిటికన్నా గొప్పవి బంగారు రంగువి. తుపాకీ రంగుని బట్టి దెబ్బ, మన లెవెల్‌ని బట్టి తుపాకీ. ఇక గురి ఎవడిక్కావాలి? మొదటి ఆదివారమే పిన్ని ఒకణ్ణి సరిగ్గా నుదుటి మధ్యలో కొట్టింది. వాడి తలలోంచి, దెబ్బ ఎంత తగిలిందో చెప్పే ఒక అంకె ఎగిరింది. వాడు మాత్రం నిక్షేపంగా నడుచుకుంటూ వచ్చి ఆవిణ్ణి చంపేశాడు.

"నుదుట్లో తూటా దిగితే మనిషి చావాలా, వద్దా?" అని నన్ను నిలదీసింది, ఆ ఆట నేనే తయారుచేసినట్టు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. రోజూ ఆట తెరిచినవాళ్ళకి ఓ పెట్టె ఇస్తారు, తెరవకపోతే ఆ రోజు పెట్టె మాయం. పెట్టె తీసుకోవడం ఆడటం కిందికి రాదుగా అని పిన్ని తనకి తానే సర్దిచెప్పుకుంది. తీరా చూస్తే పెట్టె తెరవాలంటే కొంతమందిని చంపాలన్నారు. చంపింది. అందులో ఇద్దరికీ పనికొచ్చే సరుకే ఏరి దాస్తున్నాననుకుంది పాపం. బాబాయికేమో అప్పుడు డబుల్ డ్యూటీలు. ఆయన మళ్ళీ సోఫాలో కూర్చునేసరికి పిన్ని లెవెల్ నలభై దాటింది, ఆయనది తొమ్మిది దగ్గరే ఉంది.

ఇద్దరిలో ఎవరి లెవెల్ పెద్దదైతే దానికి తగ్గ శత్రువుల్నే ఆట పంపుతుంది. బాబాయి కాల్చిన ప్రతి తూటాకీ శత్రువు తలలోంచి సున్నా ఎగిరింది. వాడి తూటా ఆయనకి రాసుకుంటే చాలు, పడిపోయేవాడు. పిన్ని పరిగెత్తుకెళ్ళి లేపేది, లేచీ లేవకుండానే మళ్ళీ పడేవాడు. కాసేపయ్యాక నవ్వుతూనే అన్నాడు.

"నువ్వు కాల్చు. నేను నీ వెనకాల నిలబడి పెట్టెలు ఏరుకుంటాలే."

పిన్ని తన బంగారు తుపాకుల్లో అన్నిటికన్నా మంచిది తీసి ఆయనకిచ్చింది. ఆయన సంచీలోకి వచ్చింది కానీ చేతిలోకి రాలేదు. ముందు లెవెల్ పెంచుకొమ్మంది ఆట. పెళ్ళాం ఇచ్చిన వస్తువు మొగుడు ముట్టుకోవడానికి వీళ్ళ అనుమతి దేనికి?

ఆట తయారుచేసిన కంపెనీకి పిన్ని ఉత్తరం రాసింది. దుకాణంలో ఖాతాదారుతో కూడా అంత మర్యాదగా మాట్లాడి ఉండదు. మీ వారిని ఒంటరిగా మరికొంత సేపు ఆడమనండి, అప్పుడు మీ సరసన నిలబడగలుగుతారు అని జవాబొచ్చింది. పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. తెల్లారకముందే బస్సెక్కి ఊరందరినీ పనుల్లో దింపి వచ్చే మనిషి, భార్య పక్కన కూర్చోవడానికి అర్హత సంపాదించుకోవాలట.

ఆ తరవాతి ఆదివారం బాబాయి కాస్త నడుం వాలుస్తానన్నాడు. ఆపై వారమూ అంతే. పిన్ని సోఫాలో ఒక్కతే కూర్చుంది, తెర అంతా ఆవిడదే. ఆ మధ్యాహ్నాలు చేజారిపోతున్నాయని నాకే అర్థమైంది, ఆవిడకి తెలియదా?

మూడో వారం నా ఎదురుగానే తన ఆటంతా చెరిపేసింది. నిజంగానే చెరపమంటారా అని ఆట రెండుసార్లు అడిగింది, బంగారు తుపాకుల్ని వరసగా పేర్చి చూపించింది. "నీకు చెప్పాలా?" అని మీట నొక్కేసింది. లోపలికెళ్ళి బాబాయిని లేపుకొచ్చింది. ఇక ఇద్దరం సమానమే అనుకుంది ఆ మహాతల్లి.

ఎక్కడ సమానం? ఆవిడిప్పుడు ఒకటి, ఆయన తొమ్మిది. శత్రువులు తొమ్మిదికి తగ్గట్టు వచ్చారు. పిన్ని నుదురు చూసి కొట్టింది. సున్నా. మళ్ళీ కొట్టింది, మళ్ళీ సున్నా, కూలబడింది. బాబాయి పరిగెత్తుకొచ్చి లేపాడు.

"నా వెనకాలే ఉండు. కావాలంటే పెట్టెలు ఏరుకో," అన్నాడు. ఎత్తిపొడుపేం లేదు అందులో, సాయం చేద్దామనే అన్నాడు.

పిన్ని కంట్రోలర్ ఒళ్ళో పెట్టేసుకుని ఆయన మొహంలోకి చూసింది.

"ఆ రోజు అంతసేపు ఇలా ఎలా కూర్చున్నారండీ?"

"నేనొచ్చేది కూర్చోవడానికే కదే."

పిన్ని ఒళ్ళోని కంట్రోలర్ పక్కన పెట్టింది. లేచి అల్మరా అడుగునుంచి పాత డిస్కు తీసింది. లెన్సులు తుడిచే మెత్తటి గుడ్డతో దాన్ని శుభ్రంగా తుడిచి పెట్టింది. తెర రెండు సగాలైంది. కుడి సగంలో ఒకడు గోడ చాటునుంచి తల బయట పెట్టాడు. బాబాయి కాల్చాడు. వాడు ఒక్క తూటాకే పడిపోయాడు.

"అదీ," అంది పిన్ని.