ఎండాకాలం సెలవుల్లో దొంగ ట్రైనింగు

టీచర్లకి ఏడాదిలో అన్ని సెలవులు న్యాయమేనా అని ఎవరన్నా అడిగితే నాకు ఈ పొద్దుకీ ఒళ్ళు మండతాది. మా ఇంట్లో అయితే ఏటా ఏప్రిల్ నెలాఖరున, బడికి తాళం వేసి నేను ఇంటి గడప తొక్కీ తొక్కకముందే ఈ మాట వచ్చేది. తొంభైల్లో సంగతి ఇది. మా ఆయన ఉదయగిరి డిపోలో బస్సు కండక్టరు. నేను కొండ కింద పల్లెలో చిన్న బడి టీచరమ్మని. రెండు గదులు, అయిదు తరగతులు, డెబ్బైమంది పిల్లోళ్ళు. నాతోపాటు ఇంకొక సారు ఉన్నా ఆయన నెలలో సగం దినాలు మండలాఫీసు పనిమీదే ఉండేవాడు. ఏప్రిల్ వచ్చేసరికి నా గొంతు పూర్తిగా పోయేది. ఇంట్లోవాళ్ళకి అదొక పండగ, నేను ఎదురు మాట్లాడలేను గదా.

"మీకేందమ్మే, పండగ నాడు గూడా నేను టికెట్లు కొడతా ఉంటే నువ్వు ఫ్యాను కింద పడుకోని జీతం తీసుకుంటావు" అనేవాడు మా ఆయన.

మా అత్త అంతకన్నా ఒక మెట్టు పైన. ఆమెకి ఒక బర్రె, పన్నెండు మేకలు. "బర్రెకి ఆదివారం తెలవదు. మేకలకి ఎండాకాలం సెలవుల్లేవు. పడుకున్నోళ్ళకి జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటే" అనేది. ఇంట్లో అంటే సరిపెట్టుకుందును. చర్చీ నుంచి వస్తా, దారిలో కనబడిన ప్రతి ఆడమనిషికీ చెప్పేది.

సరే, పడుకునింది ఎప్పుడు? మొదటి వారం మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, కొట్టించేది. రెండో వారం ఆవకాయ. ఈలోపల మా ఆడబిడ్డ ముగ్గురు పిల్లోళ్ళతో దిగేది, పుట్టింట్లో రెస్టు తీసుకోడానికి. ఆమె రెస్టు తీసుకుంటే వంట ఎవరు చేయాల? మే నెలలో చర్చీలో పిల్లోళ్ళకి పదిదినాలు బైబిలు బడి పెడతారు. "మన టీచరమ్మ ఖాళీగా ఉండాది గదా" అని పాస్టరుగారు ఆదివారం కూటంలో అందరి ముందరా చెప్పేసేవాడు. దేవుడి ముందర కాదని ఎట్ట అంటాను? ఇక మా ఆయన చుట్టాల పెళ్ళిళ్ళన్నీ మేలోనే. పొయ్యి దగ్గర ముందు నన్నే నిలబెట్టేవాళ్ళు. ఇవి చాలవన్నట్టు రేషన్ కార్డు అర్జీ రాయమని ఒకరు, బ్యాంకు కాగితం నింపమని ఒకరు. అందరిదీ ఒకటే మాట, "ఖాళీగానే ఉండావు గదా టీచరమ్మా." ఎద్దు పుండు కాకికి ముద్దా! నా సెలవుల్లో నాకు తప్ప ఊరందరికీ వాటా ఉండాది.

పెళ్ళయిన తొమ్మిదో ఏడు నేను తెగించినా. ఎనిమిదంటే ఎనిమిది దినాలు నావి అనేవి కావాల. ఎవరూ లేపకుండా పడుకోవాల. అంతకన్నా పెద్ద కోరిక ఏం లేదు. కానీ పడుకోవాలని ఉండాదని ఆ ఇంట్లో చెబితే తాటాకులు కట్టేస్తారు. బాగా ఆలోచిస్తే ఒక్కటే దారి కనబడింది. సెలవు కావాలంటే డ్యూటీ ఉండాదని చెప్పాల.

నాతో చదువుకున్న స్నేహితురాలు ఒకామె ఆత్మకూర్లో టీచరు. ఆమె మొగుడికి వేరే ఊర్లో ఉద్యోగం. పిల్లోళ్ళు సెలవులకి అనంతసాగరంలో అమ్మమ్మ ఇంటికి పోయేవాళ్ళు. నేను ఆమెకి ఉత్తరం రాసినా. వారం తిరక్కముందే ఆమె దగ్గరినుంచి కార్డు వచ్చింది. "మనిద్దరికీ ఎనిమిది దినాలు ట్రైనింగు వేసినారు. ఆత్మకూరు హైస్కూల్లో. సోమవారం పొద్దన తొమ్మిదికి రాకపోతే మెమో ఇస్తారంట." దస్తూరీ ఆమెది, మాటలు మాత్రం నావే. కవరు గాకుండా కార్డే రాయమనింది గూడా నేనే. కార్డయితే పోస్టుమాన్ చదువుతాడు, చదివితే చదవడం రాని మా అత్తకి గడప దగ్గరే వినిపిస్తాడు. అట్టనే జరిగింది. నా చేతికి కార్డు వచ్చేసరికి సగం వీధికి నా ట్రైనింగు సంగతి తెలుసు.

మెమో అనే మాట ఉండాదే, దానికి జడవని ఉద్యోగస్తుడు లేడు. మా ఆయనే నా పెట్టె సర్దినాడు. "పాపం, ఈ ఎండల్లో ఏం ట్రైనింగులు" అని అత్త గూడా అనింది. నా ఇద్దరు పిల్లోళ్ళయితే ఆడబిడ్డ పిల్లోళ్ళతో ఆటల్లో పడి, పోయిరా అని చెయ్యి గూడా సరిగ్గా ఊపలేదు. నేను మాత్రం బస్సు ఎక్కి, టౌను దాటిందాకా మొహం వేలాడేసుకోని కూర్చున్నా. దాటినాక ఒక్కదాన్నే నవ్వుకున్నా.

ఆ నాలుగు దినాలు ఏం చెప్పేది! పదకొండింటికి లేచేది. మామిడికాయ ముక్కలకి ఉప్పూకారం అద్దుకోని తినేది. మళ్ళా పడుకునేది. మా ఇద్దరికీ లోకంలో ఇంకే పనీ లేదు. ఒక్క చిక్కు మాత్రం ఉండింది. మా ఆయన బస్సు ఆత్మకూరు మీదుగా నెల్లూరికి పోయేది. సాయంత్రం నాలుక్కి తిరిగొచ్చి బస్టాండులో పావుగంట ఆగేది. కనబడకపోతే బాగుండదని బుధవారం తల దువ్వుకోని, కొంగుకి సుద్దముక్క పొడి రుద్దుకోని పోయినా. అంతటితో ఊరుకోవచ్చు గదా? ఊరుకోను. "అన్నంలో రాళ్ళు, సాంబారులో నీళ్ళు. పొద్దన కూర్చోబెడితే సాయంత్రందాకా లేవనీరు. నడుము పడిపోయింది" అని ఏడుపు మొహం పెట్టినా. మా ఆయన ఒక సోడా తాపించినాడు.

ఆ అతి చేసినందుకే నా కొంప మునిగింది.

శుక్రవారం పదకొండు గంటలప్పుడు ఇద్దరం అప్పుడే లేచి, జుట్టు విరబోసుకోని, మామిడికాయ ముక్కలు ముందర పెట్టుకోని ఏదో మాటకి పడీపడీ నవ్వతా ఉండాం. వాకిట్లో నీడ పడింది. తలెత్తి చూస్తే అత్త! ఒక చేతిలో టిఫిను క్యారియరు, ఇంకో చేతిలో గోంగూర పచ్చడి సీసా. రైక చెమటతో తడిసిపోయి ఉండాది. కోడలు రాళ్ళన్నం తింటా ఉండాదని కొడుకు చెబితే, తెల్లారేలోపల నాటుకోడి కోసి వండి, కొడుకు బస్సులోనే వచ్చి దిగింది. ఆయన నెల్లూరికి పోయినాడు. ఈమె హైస్కూలుకి పోయింది. అక్కడ గేటుకి తాళం, వరండాలో ఎవరివో మేకలు. ఎవరూ లేరమ్మా, సెలవులు అని వాచ్‌మన్ చెప్పినాడంట. స్నేహితురాలి ఇల్లు చర్చీ పక్క సందులో అని ఆమెకి తెలుసు. ఎండలో నడుచుకుంటా వచ్చింది.

మమ్మల్ని చూడంగానే అత్త కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. "ఏమైపోయినావో అనుకున్నా గదమ్మే" అనింది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకోని మమ్మల్ని సరిగ్గా చూసింది.

"ట్రైనింగు ఏదే?"

దొంగకు తేలు కుట్టినట్టు నేను తల వంచుకోని జుట్టు ముడేసుకున్నా. నా స్నేహితురాలు మాత్రం, "ఈ పూట సెలవిచ్చినారమ్మా" అనింది.

"నువ్వు నోరు ముయ్. ఆ తాళం తుప్పు పట్టి ఉండాది."

ఇక దాచేదేముంది? నాకు భయం పోయి కోపం వచ్చింది. "ఔను అత్తా, ట్రైనింగూ లేదు, పాడూ లేదు. పడుకోడానికి వచ్చినా. తొమ్మిదేండ్లుగా అందరూ నా సెలవుల మీద ఏడ్చేవాళ్ళే. ఒక్క దినం, ఒక్కటంటే ఒక్క దినం నన్ను పడుకోనిచ్చినారా? పోయి మీ కొడుక్కి చెప్పుకో. ఊరంతా చెప్పుకో" అని అరిచినా. చివరికి నాకే ఏడుపొచ్చింది.

అత్త క్యారియరు కింద పెట్టింది. చెంబెడు నీళ్ళు తాగింది. గోడకి ఆనుకోని కూర్చుంది.

"మొత్తం ఎన్ని దినాలనినావు?"

"ఎనిమిది."

"ఇంకా మూడుండాయా?"

"ఉండాయి."

"అయితే నేను గూడా ఉంటా" అనింది.

నాలుక్కి తానే బస్టాండుకి పోయింది. నేను సోడా అంగడి వెనకాల నిలబడి విన్నా. నెలనెలా చర్చీకి దశమభాగం తప్పకుండా ఇచ్చే మనిషి, సినిమా చూస్తే నరకానికి పోతారనే మనిషి, కన్నకొడుకు మొహం చూసి, రెప్ప వేయకుండా, "కోడలికి చలిజ్వరం రా. ట్రైనింగులో కళ్ళు తిరిగి పడిపోయింది. నేనుండి చూసుకుంటా. బర్రె పాలు నీ చెల్లెల్ని పిండమను" అనింది. దిగి చూసిపోతానన్నాడు పాపం. "డ్యూటీ వదిలిపెట్టి వస్తే నీకు గూడా మెమో ఇస్తారు, పో" అని తరిమింది. మరుసటి దినం ఆయన ఇచ్చిపోయిన బ్రెడ్డూ బత్తాయిలూ ముగ్గురం కూర్చోని తిన్నాం. నాకంటే అత్తే రెండు కాయలు ఎక్కువ తినింది.

కానీ ఆమెకి సెలవులో ఉండడం చేతగాలేదు. మొదటి తెల్లవారుజామున నాలుక్కే లేచి వాకిలి ఊడ్చింది. మా వాకిలి అయిపోతే పక్కింటిది, దాని పక్కింటిది. కడిగిన గిన్నెలు మళ్ళా కడిగింది. నా స్నేహితురాలు చీపురు లాక్కోని అటక మీద పెట్టింది. "ఇది ట్రైనింగమ్మా, చెప్పినట్టు వినాల" అనింది. మధ్యాహ్నం అందరికన్నా ముందు ఆమెకి వడ్డిస్తే చెయ్యి ముడుచుకోని కూర్చుంది. అందరూ తిన్నాక తినడమే తెలుసు గానీ ముందు తినడం తెలవదు. "తిను అత్తా, మేము చూస్తా ఉంటాం" అంటే కొత్త పెళ్ళికూతురి మాదిరి సిగ్గుపడింది.

ఆదివారం ముగ్గురం చర్చీకి పోయినాం. అత్త చానాసేపు తల వంచుకోని ప్రార్థన చేసింది. అబద్ధమాడినందుకు క్షమించమని అడగతా ఉండాదేమో అనుకున్నా. బయటికొచ్చినాక, ఏమడిగినావత్తా అంటే, "ఇంకో రెండు దినాలు పెంచమని" అనింది.

ఆ మధ్యాహ్నం పడుకునింది, దీపాలు పెట్టే వేళకి లేచింది. తెల్లారిందనుకోని మేకల కోసం వెతికింది. సాయంత్రమని చెప్పినాక మంచం మీద అట్టనే కూర్చుండిపోయింది. "పగలు పడుకోని ఎన్నేండ్లయిందో. మీ ఆడబిడ్డ పుట్టినప్పుడు మూడు దినాలు పడుకున్నా. నాలుగో దినం వేరుశనక్కాయలు పెరకడానికి పోయినా" అనింది. ఏడవలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. తొమ్మిదేండ్లు ఆమెతో సెలవుల గురించి పోట్లాడినా. ఆమెకి ఒక్క సెలవన్నా ఉండిందా అని నాకు ఒక్కసారి గూడా తోచలేదు. సిగ్గనిపించింది.

ఇంటికి పోయినాక మాత్రం అత్త అమ్మలక్కలందరికీ, "ట్రైనింగుల్లో బిడ్డలని చంపేస్తా ఉండారమ్మా" అని చెప్పింది. మూడు దినాలు వంట చేసిన మా ఆడబిడ్డ ఆ ఏడు నాలుగు దినాలు ముందే అత్తగారింటికి వెళ్ళిపోయింది.

మరుసటేడు ఖర్మగాలి నిజంగానే ట్రైనింగు వేసినారు. ఆత్మకూర్లోనే, పది దినాలు, సీలు వేసిన ఆర్డరు. నేను పెట్టె సర్దుకుంటా ఉంటే అత్త చేతిసంచితో తయారుగా వచ్చి నిలబడింది.

"అత్తా, ఈసారి నిజం ట్రైనింగు."

"ఔనౌను" అని కన్ను గీటింది.

"దేవుడి తోడు అత్తా. ఇదో ఆర్డరు."

"పోయినేడు కార్డు గూడా ఉండింది గదా. నన్ను వదిలిపెట్టి పోవాలని చూడబాక" అనింది. ఆ మాట అంటా చేతిసంచి గట్టిగా హత్తుకునింది. రెండు టికెట్లు తీసుకున్నా.

పొద్దన తొమ్మిదికి పోతే సాయంత్రం అయిదున్నర. తిరగని ఫ్యాను కింద ముప్ఫై, నలభై ఏండ్లవాళ్ళం చేతులు తిప్పతా పిల్లోళ్ళ పాటలు పాడినాం. రంగుకాగితాలతో పూలు కత్తిరించినాం. అన్నంలో నిజంగానే రాళ్ళుండాయి. మొదటి దినం కాళ్ళీడ్చుకుంటా స్నేహితురాలి ఇంటికి వచ్చేసరికి అత్త మంచం మీద కాళ్ళు చాపుకోని పడుకోని ఉండాది. నన్ను చూసి లేవలేదు. ఇటు పక్కకి తిరిగింది అంతే.

"వచ్చినావా అమ్మే. కొంచెం కాఫీ పెట్టు" అనింది. "నాకు సెలవులు గదా."

పెట్టినా. చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసినా.