మరియమ్మ మామ్మ గుమ్మడికాయ

వెనక బల్లల మీద కూర్చున్న సహోదరులారా, తలుపు దగ్గర పిల్లల్ని ఆడిస్తున్న సహోదరీలారా, నా మాట అక్కడిదాకా వినబడుతోందా? వినబడుతోందంటే నా సాక్ష్యంలో సగం మీకు ముందే చెప్పేసినట్టు. ఎందుకంటే ఒకప్పుడు మైకు నోటికి ఆనించుకున్నా నా మాట మొదటి బల్ల వాళ్లకు కూడా అందేది కాదు. మిగతా సగం చెప్పుకోవడానికి పాస్టరు అయ్యగారు దయతో సమయం ఇచ్చారు, దేవునికే మహిమ!

నా పేరు దేవదానం. మాది మంగళగిరికీ గుంటూరుకీ మధ్య ఉన్న పల్లె. గుంటూరులో ఒక కేబుల్ టీవీలో పనిచేసేవాణ్ణి. వీధికొక ఇంటర్నెట్ సెంటరు వెలుస్తున్న రోజులవి, సెల్‌ఫోన్ మోగితే ఎత్తాలా వద్దా అని ఆలోచించుకునే రోజులు. ఆ కేబుల్ టీవీలో 'మొదటి మెట్టు' అని నాదొక కార్యక్రమం ఉండేది. కొత్తగా ఏదో ఒక కంపెనీ పెట్టినవారిని కూర్చోబెట్టి, అయ్యా, ఈ దారిలోకి ఎలా వచ్చారు అని అడగడం నా పని. ఇప్పుడు పట్నాల్లో స్టార్టప్ అంటున్నారు కానీ అప్పుడు మాకా మాట తెలియదు, కుర్రాడు ఏదో పెట్టాడట అనుకునేవాళ్లం. ఆ కుర్రాళ్లను వెతుక్కుంటూ హైదరాబాదు నుంచి వచ్చే పెద్దమనుషులతో కూడా మాట్లాడేవాణ్ణి. కంపెనీ ఇంకా మొలకగా ఉన్నప్పుడే డబ్బు పెట్టి, ఎదిగితే వాటా తీసుకుని, ఎండిపోతే చేతులు దులుపుకుని వెళ్లేవాళ్లు వాళ్లు. వెంచర్ క్యాపిటల్ అంటారు దాన్ని. ఆ మాట పలకడం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది.

నాకు ప్రశ్నలంటే పిచ్చి సహోదరులారా. దేవుడు కొందరికి పాట ఇస్తాడు, కొందరికి ప్రసంగం ఇస్తాడు, నాకు 'ఎందుకు' అనే మాట ఇచ్చాడు. ఎవరు వచ్చి కూర్చున్నా నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుండేది: మీ మాట మొదట నమ్మింది ఎవరు? చూపించడానికి చేతిలో ఏమీ లేనప్పుడు, ఉన్నదల్లా నోటిమాటే అయినప్పుడు, దాన్ని పట్టుకుని వెనక నడిచిన మొదటి మనిషి ఎవరా అని నాకు తెగని ఆరాటం. కానీ ఆ ప్రశ్నకు ఎవరూ తిన్నగా జవాబు చెప్పేవారు కాదు. కంప్యూటర్ల గురించి చెప్పేవారు, చదువుల గురించి చెప్పేవారు, వాళ్లు కాస్త ఆగగానే నేను అందుకునేవాణ్ణి. మా ఆవిడ సుగుణ టీవీ చూసి నవ్వేది, చుట్టాన్ని భోజనానికి పిలిచి విస్తరి ముందు మీరే కూర్చుంటున్నారు అని.

అలాంటి నాకు గొంతు పోయింది.

మిర్చి యార్డులో ఒక కార్యక్రమం తీశాం. టిక్కీల మధ్య, అంటే మిర్చి బస్తాల మధ్య, కాయలు రాశులు పోసిన చోట, ఆ ఘాటులో తలకు తువ్వాలైనా చుట్టుకోకుండా నిలబడి, హమాలీల కేకలకు మించి నేను కేకలు వేశాను. అంతకుముందే గొంతు బొంగురుగా ఉంది. ఆ రోజుతో అది పూర్తిగా పూడుకుపోయింది. గుంటూరులో పెద్ద డాక్టరుగారు గొట్టం పెట్టి చూసి, స్వరతంత్రుల మీద కాయలు కాశాయి, ఆపరేషన్ చేయాలి, చేశాక కొన్ని వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, ఆ తర్వాత గొంతు వస్తే వస్తుంది, రాకపోతే రాదు అన్నారు. ఆపరేషన్ అయింది. వారాలు గడిచాయి. ఇక మాట్లాడి చూడమన్నారు. నోరు తెరిచి 'ప్రభువా' అనబోయాను. ఊపిరి వచ్చింది కానీ మాట రాలేదు. సుగుణ గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, నా ఏడుపుకు కూడా చప్పుడు లేదు సహోదరులారా!

నెలలు గడిచినా అదే తీరు. డాక్టరుగారు మందులు మార్చారు, గొంతుకు కసరత్తులు నేర్పారు, ఓర్చుకోమన్నారు. నేను మనసులోనే ప్రార్థన చేసేవాణ్ణి, అది ప్రార్థనో పోట్లాటో నాకే తెలిసేది కాదు. "ప్రభువా, గొంతు ఇచ్చింది నీవే, తీసుకున్నదీ నీవే, కాదనను. మరి ఈ ప్రశ్నలన్నీ ఎందుకు నా దగ్గరే ఉంచావు? వాటిని కూడా తీసుకుపో, లేకపోతే ఇవి నన్ను తినేస్తాయి." ఆయన తీసుకుపోలేదు. కేబుల్ టీవీ ఓనరు మంచివాడు, పలక మీద రాసి అడగరాదూ, కెమెరాలో పలక కనబడుతుందిగా అన్నాడు. నవ్వులపాలు అవుతానని భయపడుతూనే ఒప్పుకున్నాను. ఇంటికి వచ్చే జీతం అదొక్కటే.

ఇక్కడ దేవుడు చేసిన చమత్కారం వినండి. నేను మూగవాణ్ణయితే వచ్చినవాళ్లు నన్ను చెవిటివాణ్ణి కూడా చేసేశారు! కొందరు చెవి దగ్గరికి వచ్చి అరిచేవారు, కొందరు చేతులతో సైగలు చేసేవారు. కానీ ఆ అలవాటు కాస్త తగ్గాక, నేను పలక ఎత్తి పట్టుకుని ఊరుకుంటే, ఆ ఊరుకున్నచోట వాళ్లు లోపలినుంచి మాట్లాడటం మొదలుపెట్టారు.

రమేష్ అని మంగళగిరిలో చీరల షాపు మీద గదుల్లో కంపెనీ పెట్టిన అబ్బాయి ఉన్నాడు. యార్డులో మిర్చి ధర ఎంత పలుకుతోందో రైతుల సెల్‌ఫోన్లకు మెసేజి పంపించడం అతని పని. గొంతు ఉన్నప్పుడు ఒకసారి అతన్ని అడిగితే టవర్ల గురించి, సాఫ్ట్‌వేర్ గురించి ఏకరువు పెట్టాడు. రెండోసారి పలక చూపించాను, మీ మాట మొదట నమ్మింది ఎవరు అని. చాలాసేపు దానివైపే చూసి, మా మేనమామ అన్నాడు. ఆ మేనమామకు చదువు రాదు, ఫోను మోగగానే బడికి పరుగెత్తి మాస్టారి చేత చదివించుకునేవాడట. మెసేజి చూసి ఒక వారం సరుకు ఆపితే ధర ఇంకా పడిపోయిందట. ఊరంతా మేనల్లుణ్ణి నమ్మి మునిగాడని నవ్వింది. మరుసటి పంటకు అదే మేనమామ అందరికంటే ముందు వచ్చి, ఏరా, మెసేజి రాలేదేంటి అని అడిగాడట. చెబుతూ చెబుతూ రమేష్ ఏడ్చేశాడు. నేను గొంతుతో తవ్వి తీయలేనిది దేవుడు పలక మీద తీశాడు!

ఆ రమేష్ కంపెనీలో డబ్బు పెట్టాలా వద్దా అని చూడటానికి హైదరాబాదు నుంచి మూర్తిగారని ఒకాయన వచ్చారు. నెమ్మదైన మనిషి, ఏది చూసినా ముందు దాని లోపం కనిపెట్టేవారు, అదే ఆయన వృత్తి. ఆయన్ని కూడా కూర్చోబెట్టి పలక చూపించాను. ఆయన నా చేతిలో సుద్దముక్క తీసుకుని, నా ప్రశ్న కింద 'ఎవరూ లేరు' అని రాసి, వెంటనే జేబురుమాలుతో తుడిచేశారు. ముందు ఆయన కూడా ఒక కంపెనీ పెట్టారట, అది మూతపడిందట, అంతకుమించి చెప్పలేదు. ఆయన మొహం చూసి నాకు జాలేసింది. ఆదివారం మా పల్లెలో కోతల పండుగ, భోజనానికి రండి అని రాశాను. కోతల పండుగంటే ఏమిటి అని అడిగారు. ఆయనకు కూడా నా ప్రశ్నల జబ్బే కొంచెం ఉన్నట్టుంది.

కోతల పండుగ మీకు కొత్త కాదు. పంటలో మొదటిది, పాదులో మొదటిది, కోళ్లలో మంచిది తెచ్చి బలిపీఠం ముందు పెడతాం, ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో వేలం వేస్తాం. బజారు ధరతో మనకు పనిలేదు, దేవుని మీది ప్రేమకొద్దీ పాట పెంచుకుంటూ పోతాం. మా సంఘంలో ఆ వేలం వేసేవాణ్ణి నేనే. నా కేక పక్క ఊరికి వినబడేదని చెప్పుకునేవారు.

మా ఇంటి పక్కన మరియమ్మ మామ్మ అని ఒంటరి ముసలావిడ ఉంది. మిరపకోతకు కూలికి వెళ్లేది. నా గొంతు పోయిన రోజుల్లో ఆమె గుమ్మడి గింజ పెట్టి, మొదటి కాయ నీదే తండ్రీ, మా దేవదానానికి గొంతు ఇయ్యి అని మొక్కుకుంది. తీగ గుడిసె మీదికి పాకింది, కాయ పండింది, నా గొంతు మాత్రం రాలేదు. పండుగనాడు ఆమె ఆ కాయను చంకన పెట్టుకుని గుడికి బయలుదేరితే ఆడవాళ్లు ఆపారు, కోరిక తీరకుండానే మొక్కు చెల్లించేవాళ్లను ఎక్కడా చూడలేదు మామ్మా అని. నేను పక్కనే ఉన్నాను. ఆమె అన్న మాట నా చెవులతో విన్నాను.

"కాయ పండింది గదమ్మా. గొంతు సంగతి ఆయన చూసుకుంటాడు లే."

ఆరాధన అయింది. వేలం ఎవరు వేయాలి? మా అయ్యగారు అమాయకంగా, ధరలు కట్టడమే మూర్తిగారి పని కదా, మన అతిథి చేత వేయిద్దాం అన్నారు. మూర్తిగారు సంతోషంగా లేచారు. కోడిపుంజుకు రెక్క మీద ఈకలు పలచబడ్డాయన్నారు, జనం నవ్వుకుంటూనే పాడారు. అరటిగెలలో ఒక హస్తం చిన్నదన్నారు, అదీ పోయింది. తర్వాత మామ్మ గుమ్మడికాయ చేతిలోకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూసి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పారు. "ఒక పక్క మచ్చ ఉందండి. తొడిమ దగ్గర మెత్తబడింది. తక్కువలో మొదలుపెడదాం."

సహోదరులారా, ఒక్కరూ పాట పాడలేదు. దేవుని ముందు పెట్టేదానిలో కళంకం ఉండకూడదని సండేస్కూలు నుంచి నేర్చుకున్న జనం మేము. మచ్చ ఎవరికీ కనబడలేదని కాదు, మా వేలంలో ఆ మాట ఎవరూ పైకి అనరు. అన్నాక ఇక ఆ కాయను ఎవరు అడుగుతారు? పాపం మూర్తిగారికి ఏం జరిగిందో తెలియక, అడగండి, అడగండి అంటూ ధర ఇంకా దించుతున్నారు. మామ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూస్తోంది. ఆ కాయ నా గొంతు కోసం వచ్చిన కాయ! అది అలా అనాథలా నిలబడితే నేను ఎలా చూడగలను? పలక కోసం చూశాను. అది గుళ్లో బల్ల మీద ఉండిపోయింది. చెయ్యి ఎత్తాను, జనం వెనక నా చెయ్యి ఎవరికీ కనబడలేదు. "ప్రభువా, ఆమె నీ మాట నమ్మింది, ఆమెను సిగ్గుపడనీయకు" అన్నాను మనసులో. నా గొంతు గురించి అడగలేదు, దేవుడు సాక్షి, నా గొంతు నాకు గుర్తే లేదు.

"నాది! ఆ కాయ నాది!"

ఎవరబ్బా అరిచింది అని నేను కూడా పక్కకు చూశాను. సుగుణ నన్ను పట్టుకుని ఊపేస్తుంటే తెలిసింది, అరిచింది నేనేనని. బొంగురుగా, పగిలిపోయి, కానీ మాట! అప్పుడు లేచింది చూడండి జనం, నువ్వెవరివి తీసుకోవడానికి అన్నట్టు ఒకరిమీద ఒకరు పాట పెంచారు, నేను దిగలేదు. చివరికి ఆ కాయ నా చేతికి వచ్చింది. మామ్మ వచ్చి నా గొంతు మీద చెయ్యి వేసి చూసింది, పొయ్యి మీద ఎసరు కాగిందా అని చూసినట్టు.

డాక్టరుగారు చూసి, అప్పటికే లోపల మానుతూ వచ్చి ఉంటుంది అన్నారు. మంచిది, మాన్పుతూ వచ్చింది ఎవరు? ఆపరేషన్ చేసిన డాక్టరుగారి చేతిని నడిపించింది ఎవరు? దేవునికే మహిమ!

ఆ రోజు భోజనాల దగ్గర మూర్తిగారు నా పక్కన కూర్చున్నారు. నన్ను క్షమించండి, నాకు పద్ధతి తెలియలేదు అని, ఒక ప్రశ్న అడగవచ్చా అన్నారు. ఎన్నాళ్లుగానో అందరినీ అడిగే నన్ను, నా గురించే ఒకరు అడగడం అదే మొదలు.

"అంత మచ్చ ఉన్న కాయలో ఏం చూసి అడిగారండీ?"

"కాయను కాదండీ," అన్నాను, మాట మాటకీ ఆగుతూ. "నా గొంతు రాకముందే తెచ్చిందండీ ఆవిడ."

ఆయన తినడం ఆపారు. అవతల బంతిలో కూర్చుని అన్నం కలుపుకుంటున్న మామ్మను చాలాసేపు చూశారు. తర్వాత రమేష్ కంపెనీ సంగతి ఏమైందని మీరు అడుగుతారు, నాకు తెలుసు, మీకు కూడా నా జబ్బు అంటుకుంది. మూర్తిగారు డబ్బు పెట్టారు. లోపాలన్నీ రమేష్‌కు చెప్పి మరీ పెట్టారు. కంపెనీ ఇంకా కుంటుతూనే ఉంది, అయినా మెసేజి వస్తోంది, ఆ మేనమామ ఇంకా బడికి పరుగెత్తుతున్నాడు.

ఇప్పుడు నేను మళ్లీ కార్యక్రమం చేస్తున్నాను. ప్రశ్న అడిగి ఊరుకుంటున్నాను. సుగుణ టీవీ చూసి ఇక నవ్వడం లేదు.

సహోదరులారా, సహోదరీలారా, మీ మాట మొదట నమ్మింది ఎవరు? ఈ ప్రశ్న మీకే వదిలిపెడుతున్నాను, ఇంటికి వెళ్లి ఆలోచించండి. ఆ మనిషి బ్రతికి ఉంటే వెళ్లి చెయ్యి పట్టుకోండి. నా మట్టుకు ఆ మనిషి మరియమ్మ మామ్మే, ఆమె ప్రభువులో నిద్రించింది, ఆమె గింజలు మాత్రం ఇంటింటికీ పంచాను. అడిగినది ఇంకా రాలేదని ఇక్కడ ఎవరైనా ఖాళీ చేతులతో కూర్చుని ఉంటే, రానివ్వండి అప్పుడు చూద్దాం అనుకోకండి. మచ్చ ఉన్నా సరే, పండిన కాయ పట్టుకుని ముందే బయలుదేరండి. మన దేవుడు మచ్చలు చూసి ధర దించేవాడు కాదు, ఇది నాది అంటూ ఆయనే ముందు చెయ్యి ఎత్తుతాడు. ఆమేన్.